పొన్నంగి పిట్ట

పొన్నంగి పిట్ట (శాస్త్రీయ నామం: పిట్టా బ్రాకియూరా) పిట్టిడే కుటుంబానికి చెందిన ఒక రంగురంగుల చిన్న పక్షి. ఈ కుటుంబంలో 40కి పైగా జాతులు ఉన్నాయి. వాటిలో అధికభాగం ఆగ్నేయాసియాలోని ఉష్ణమండల వర్షారణ్యాలలో నివసిస్తాయి. పొన్నంగి పిట్ట మాత్రం ఆకురాల్చే అడవులలోనూ మనగలదు. అందువలన వర్షపాతం తక్కువగా గల కర్నూలు, కడప ప్రాంతాలలోని నల్లమల అడవులకు కూడా ఇది వలస కాలంలో వస్తుంది.

పేరు

ఈ కుటుంబానికి ప్రపంచవ్యాప్తంగా వాడుకలో ఉన్న "పిట్టా" అనే పేరు తెలుగు పదమైన పిట్ట నుండి వచ్చినదే. చెన్నపట్నంలోని సెయింట్ జార్జి కోటలో వైద్యుడుగా ఉన్న ఎడ్వర్డ్ బక్లీ ఇక్కడి పక్షుల చిత్రాలను ఇంగ్లాండుకు పంపాడు. 1713లో వెలువడిన జాన్ రే గ్రంథంలో అవి చేరాయి. ఈ పక్షి తెలుగు పేరు కూడా అందులో నమోదైనది. 1766లో లిన్నేయస్ దీనిని కాకుల ప్రజాతిలో చేర్చాడు. 1816లో ఫ్రెంచి శాస్త్రవేత్త వియెయో "పిట్టా" అనే ప్రత్యేక ప్రజాతిని ఏర్పరచాడు. హిందీలో దీనిని నవరంగ్ అంటారు.

లక్షణాలు

దీని పొడవు సుమారు 19 సెంటీమీటర్లు. వీపు ఆకుపచ్చగా, గొంతు తెల్లగా, ఛాతీ గోధుమ వన్నెలో, పొట్ట అడుగుభాగం ఎర్రగా ఉంటాయి. రెక్కలపై మెరిసే నీలి మచ్చలు, కంటి మీదుగా నల్లని పట్టీ ఉంటాయి. తోక చాలా పొట్టి. కాళ్ళు బలమైనవి. ఉదయం, సాయంకాలం రెండు స్వరాల ఈల వేస్తుంది. తమిళంలో దీనికి ఆరు గంటల పిట్ట అనే అర్థం గల పేరున్నది. అయితే స్వరాంగ నిర్మాణాన్ని బట్టి శాస్త్రజ్ఞులు దీనిని నిజమైన పాటపక్షులలో చేర్చరు.

ఆహారం, సంతానోత్పత్తి

నేలపై రాలిన ఆకులను కదిలిస్తూ పురుగులను, వానపాములను ఏరుకొని తింటుంది. హిమాలయాల దిగువ అడవులలోను, మధ్య భారతంలోను, పడమటి కనుమలలోను వానాకాలంలో పిల్లలను చేస్తుంది. గుండ్రని గూడు కట్టి 4 లేక 5 గుడ్లు పెడుతుంది. శీతాకాలానికి దక్షిణ భారతానికి, శ్రీలంకకు వలస వెళ్తుంది.

సంరక్షణ

ఈ జాతికి ప్రస్తుతం అంతరించే ప్రమాదం లేదు. ఐనా రాలిన ఆకుల పొరే దీని ఆహారానికి ఆధారం. వేసవిలో అడవికి నిప్పంటుకుంటే ముందుగా కాలిపోయేది ఆ పొరయే. ఇది రాత్రివేళ వలస ప్రయాణం చేస్తుంది. అలసిపోయి కొన్నిసార్లు ఊళ్ళలోని పెరళ్ళలో దిగుతుంది. అట్టి పక్షిని పిల్లులు, కుక్కల బారి నుండి కాపాడి, నీడలో కదిలించకుండా వదిలితే కోలుకొని తన దారిన పోగలదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం దీనిని పట్టుకోవడం, పంజరంలో పెంచడం నేరం.