తమన్ మినీ ఉద్యానవనం – విశాఖ రేవు చెప్పే మరో చరిత్ర

ఇండోనేషియా రాజధాని జకార్తా తూర్పు భాగంలో సుమారు 150 హెక్టార్ల విస్తీర్ణంలో ‘తమన్ మినీ ఇండోనేసియా ఇందా’ అనే ఉద్యానవనం ఉంది. వేలాది దీవులుగా పరచుకొన్న దేశాన్ని ఒక్క పూటలో సందర్శకునికి చూపించాలన్నది దాని ఆశయం. నడుమ ఒక పెద్ద సరస్సు, ఆ సరస్సులో సుమత్రా, జావా తదితర దీవుల నమూనాలు ఉంటాయి. తీగలపై సాగే పెట్టెల్లో కూర్చొని పైనుంచి చూసేవారికి దేశపటం నీటిమీద పరచినట్లు కనిపిస్తుంది. సరస్సు చుట్టూ ఒక్కొక్క రాష్ట్రానికి ఒక్కొక్క ఆవరణ ఉంది. దున్నపోతు కొమ్ముల్లా పైకి లేచిన కప్పులతో మినాంగ్‌కబావు ప్రజల ఇల్లు, స్తంభాల మీద నిలిచిన ఆచే ప్రజల ఇల్లు, గోడలు లేని జావా మండపం ఇక్కడ చూడవచ్చు. ప్రతి ఆవరణలోనూ అక్కడి దుస్తులు, వాద్యాలు, పెండ్లి అలంకారాలు ఉంటాయి.

ప్రపంచంలో అత్యధిక ముస్లిం జనాభా గల దేశం తన్ను తాను ఎలా చూపించుకొంటున్నదో తెలుసుకోవడం తెలుగు ముస్లిం పాఠకులకు ఆసక్తికరమే. అయితే ఏ ప్రదర్శనశాలలోనైనా చూపినదానితోపాటు చూపనిదాన్ని కూడా గమనించాలి. ఈ ఉద్యానవనం చూపని ఒక అధ్యాయం మన విశాఖ తీరంతో ముడిపడి ఉన్నది.

ఉద్యానవనం పుట్టుక

ఈ ఆలోచన 1970లో నాటి అధ్యక్షుడు సుహార్తో సతీమణి సితీ హర్తీనా చేసినది. విదేశాల్లో చూసిన వినోద ఉద్యానాలు ఆమెకు ప్రేరణ. పేద దేశంలో ఇంత వ్యయం దేనికని 1971 చివరి నెలల్లో విద్యార్థులు, మేధావులు ప్రశ్నించారు. ఆ స్థలంలోని గ్రామీణుల భూముల సంగతి కూడా చర్చకు వచ్చింది. 1972 జనవరిలో అధ్యక్షుడు బహిరంగంగానే హెచ్చరిక చేశాడు. నిరసనకారుల్లో కొందరు నిర్బంధానికి గురయ్యారు. నిర్మాణం సాగింది. 1975 ఏప్రిల్ 20న ప్రారంభోత్సవం జరిగింది.

అప్పటికి దేశంలో 26 రాష్ట్రాలు. 1976లో తూర్పు తిమోర్‌ను 27వ రాష్ట్రంగా ప్రకటించాక దానికీ ఒక ఆవరణ కట్టారు. 1999 ప్రజాభిప్రాయ సేకరణలో ఆ ప్రజలు విడిపోవడానికే మొగ్గు చూపారు. 2002లో అది స్వతంత్ర దేశమయింది. జకార్తాలో ఆ కట్టడం మాత్రం మిగిలి మ్యూజియంగా మారింది. పాలకుడు గీసిన పటానికి, ప్రజల చరిత్రకు మధ్య ఎంత దూరం ఉండవచ్చో చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

ప్రార్థనా మందిరాల విషయమూ ఇంతే. దిపొనెగొరొ రాకుమారుని పేరిట మస్జిదు, దాని సమీపంలోనే కాథలిక్, ప్రొటెస్టంటు చర్చిలు, హిందూ ఆలయం, బౌద్ధ విహారం ఒకే వరుసలో ఉన్నాయి. చూడముచ్చటైన దృశ్యమే. కాని సుహార్తో కాలంలో చైనా సంతతివారి ఆచారాలు బహిరంగంగా కనిపించకూడదన్న ఆదేశం అమలులో ఉండేది. 2000లో అధ్యక్షుడు అబ్దుర్రహ్మాన్ వాహిద్ ఆ ఆదేశాన్ని రద్దుచేశాడు. కన్‌ఫ్యూషియస్ మతస్థుల మందిరం ఆ ఉద్యానవనంలో వెలసింది ఆ తరువాతనే. అంటే వరుసలో ఎవరికి చోటు ఉండాలో అంతవరకు ప్రభుత్వమే నిర్ణయించిందన్నమాట.

లుంగీ చెప్పే కథ

ఒక్కొక్క రాష్ట్రానికి ఒక్కొక్క ఇల్లు, ఒక్కొక్క వేషం అని విభజించి చూపినప్పుడు, ప్రతి సంస్కృతీ తన దీవిలో తానే పుట్టి తానే పెరిగినట్లు సందర్శకునికి తోస్తుంది. రేవుల చరిత్ర అందుకు విరుద్ధమైన సాక్ష్యం చెబుతుంది.

ఇండోనేషియా, మలేషియా ముస్లిములు నమాజుకు వెళ్లేటప్పుడు కట్టుకొనే గళ్ల లుంగీకి ‘పెలెకత్’ అని పేరు. ఆ పేరు పులికాట్ రేవునుంచి వచ్చింది. నేటి ఆంధ్ర సరిహద్దున, తమిళనాడులో ఉన్న ఆ రేవు 17వ శతాబ్దిలో కోరమాండల్ తీరంలోని డచ్చి స్థావరాలకు ముఖ్యకేంద్రం. సుగంధద్రవ్యాల దీవుల వారు మిరియాలకు, జాజికాయకు, లవంగాలకు బదులుగా మన తీరపు నేతబట్టలను కోరేవారు. అందుచేత డచ్చి కంపెనీ ముందుగా ఈ తీరంలో బట్ట కొని, ఆ బట్టతో అక్కడ సుగంధద్రవ్యాలు కొనేది. నేడు ఆ లుంగీలను జావా మగ్గాల మీదనే నేస్తున్నారు. పేరు మాత్రం మన తీరాన్ని మరచిపోలేదు.

ఐరోపావారు రాకముందు నుంచే ఈ మార్గంలో రాకపోకలున్నాయి. ఆ తరువాత గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో మచిలీపట్నం నుంచి ముస్లిం వర్తకుల నౌకలు ఆచే, పెగూ రేవులకు వెళ్లేవి. ఉత్తరాన శ్రీకాకుళంలో షేర్ ముహమ్మద్ ఖాన్ 1641లో జామియా మస్జిదు కట్టించాడు. ఆ దశాబ్దంలోనే, 1648లో, డచ్చివారి బటావియా నగరంలో – అదే నేటి జకార్తా – అల్-అన్సార్ మస్జిదు వెలసింది. ఆ పేటను ‘పెకోజాన్’ అంటారు, అంటే ఖోజాల పేట. భారతదేశం నుంచి వెళ్లి స్థిరపడిన ముస్లిములను అక్కడ ఖోజాలని పిలిచేవారు. తమన్ మినీలో ఏ రాష్ట్రానికీ చెందని ఈ జనం నిజమైన జకార్తా వీధుల్లో తమ గుర్తు వదిలి వెళ్లారు.

విశాఖకు చేరువలోని భీమునిపట్నంలోనూ 17వ శతాబ్ది మధ్యకాలంలోనే డచ్చివారు స్థిరపడ్డారు. వారి సమాధులు సముద్రపుటొడ్డున నేటికీ ఉన్నాయి. 1824లో ఇంగ్లీషువారు, డచ్చివారు చేసుకొన్న ఒప్పందం ప్రకారం భారతదేశంలోని డచ్చి స్థావరాలు ఇంగ్లీషువారికి, సుమత్రాలోని బెంకూలెన్ డచ్చివారికి దక్కాయి. భీమిలి జాలరికి, బెంకూలెన్ రైతుకు ఒకే కాగితం మీద యజమానులు మారారు. ఆ ఇద్దరినీ అడిగినవారు లేరు.

రేవుమీది మూడు కొండలు

జకార్తాలోని మందిరాల వరుసను చూసినవారికి విశాఖ రేవు ముఖద్వారాన ఉన్న మూడు కొండలు గుర్తుకు రాక మానవు. ఒకదానిపై రాస్ అనే దొర 1864లో ఇల్లు కట్టగా, అది తరువాత క్రైస్తవ ప్రార్థనా స్థలమయింది. మరొకదానిపై వేంకటేశ్వరాలయం. ఇంకొకదానిపై హజ్రత్ ఇస్‌హాఖ్ మదీనా దర్గా. వీటిని ఇలా పక్కపక్కన నిలపాలని ఏ ప్రభుత్వమూ ఆదేశించలేదు. సముద్రం మీద బ్రతికేవారి భయాలూ ఆశలూ వాటిని అక్కడ నిలిపాయి.

1869లో వెలువడిన విశాఖపట్నం జిల్లా మాన్యువల్‌లో కలెక్టరు కార్‌మైకేల్ ఈ దర్గాను గురించి రాశాడు. రేవులోకి వచ్చే నౌకలూ, వెళ్లే నౌకలూ తమ జెండాను మూడుసార్లు దించి ఎత్తి వందనం చేసేవట. ప్రయాణం క్షేమంగా ముగిస్తే హిందూ నౌకా యజమానులు వెండి దోనెలు సమర్పించేవారట. ఒక వ్యాజ్యాన్ని కూడా ఆయన ప్రస్తావించాడు. తుఫానులో చిక్కిన నౌక సారంగు ఇస్‌హాఖ్ మదీనా పేర ఒక డబ్బు సంచి మొక్కుకొని, ఒడ్డు చేరాక చెల్లించి, ఆ మొత్తాన్ని హిందువైన నౌక యజమాని ఖాతాలో వ్రాశాడు. తగవు కోర్టుకెక్కింది.

మొక్కుల విషయంలో ధర్మశాస్త్ర చర్చ వేరు. దానికి ఇది చోటు కాదు. చరిత్ర విద్యార్థికి ఇక్కడ ముఖ్యమైనది ఆ ఖాతాపుస్తకం. ఒకరి నౌక, మరొకరి మొక్కు, ఇద్దరికీ కలిసిన లెక్క. ఇచ్చిపుచ్చుకోవడాలతో, అప్పుడప్పుడు తగవులతో కూడా నడిచిన సహజీవనం అది. అద్దాల పెట్టెలో అమర్చడానికి వీలుకానిది.

పరిచయానికి రెండు దారులు

జాతులు, తెగలు పరస్పర పరిచయం కోసమేనని ఖుర్ఆన్ బోధ. ఆ దృష్టితో చూస్తే తమన్ మినీ నిరర్థకం కాదు. 1997లో అక్కడ ప్రారంభమయిన ‘బైతుల్ ఖుర్ఆన్’ మ్యూజియంలో ఆ దీవుల లేఖకుల ఖుర్ఆన్ ప్రతులను చూసినవారు చాలా నేర్చుకొంటారు. ప్రతి ప్రాంతపు అలంకారం ఆ ప్రతుల అంచుల్లో కనిపిస్తుంది. కాని ఒకరి ఇల్లు చూసినంతనే ఆ మనిషి తెలిసినట్లు కాదు. అతనితో వ్యాపారం చేసి, అతని వీధిలో కాపురముండి, అతని నౌకలో తుఫానును ఎదుర్కొన్నప్పుడే పరిచయం పూర్తవుతుంది. మన తీరపు ముస్లిములకు ఆ దీవులతో కలిగిన పరిచయం అటువంటిది.

తెలుగు ముస్లిముల చరిత్ర అనగానే గోల్కొండ, హైదరాబాదు గుర్తుకు వస్తాయి. సముద్రం గుర్తుకు రాదు. 1933లో విశాఖ రేవు పెద్ద నౌకలకు తెరుచుకొంది. 1971లో శంకుస్థాపన జరిగిన ఉక్కు కర్మాగారం కోసం గ్రామాలు ఖాళీ అయ్యాయి. ఇటువంటి ప్రతి మార్పులోనూ పాత పేటల్లో కొంత జ్ఞాపకం చెదిరిపోతుంది. దర్గాల, మస్జిదుల వక్ఫు కాగితాలు, సమాధులమీది శాసనాలు, రంగూను, మలయా వెళ్లివచ్చిన కుటుంబాల ఉత్తరాలు ఇంకా ఎక్కడో పెట్టెల్లో ఉంటాయి. వాటిని చదివి, తేదీలతో నమోదుచేసి, తెలుగులోకి తెచ్చే పని చదువుకొన్న యువకులది. కట్టడం శిథిలమైతే దాని నమూనా కట్టుకోవచ్చు. వెండి దోనె ఎవరు, ఎందుకు ఇచ్చారో చెప్పగలిగినవారు పోయాక, ఆ కథను ఏ ఉద్యానవనంలోనూ నిలబెట్టలేము.