మానవవాదం – ఒక శబ్దచరిత్ర

దైవాన్ని విశ్వసించేవాడు మానవవాది కాగలడా అన్న ప్రశ్న తరచుగా వినవస్తుంది. మానవవాదమంటే నిరీశ్వరవాదమేనన్న నిశ్చయం ప్రశ్నలోనే దాగి ఉంటుంది. శబ్దచరిత్ర ఆ నిశ్చయానికి అనుకూలంగా లేదు.

పదిహేనవ శతాబ్ది చివర ఇటలీ విద్యాపీఠాలలో 'ఉమనిస్తా' అనగా వ్యాకరణం, అలంకారశాస్త్రం, కావ్యం, చరిత్ర, నీతి బోధించే అధ్యాపకుడు. తెలుగు పరిభాషలో సాహిత్యపండితుడు. ఆ విద్యాసంప్రదాయానికి చెందిన లోరెంజో వల్లా వృత్తాంతం గమనార్హం. చక్రవర్తి కాన్‌స్టంటైన్ పశ్చిమ సామ్రాజ్యాధికారాన్ని పోపుకు ధారపోసినట్లు తెలిపే దానపత్రమొకటి శతాబ్దాల తరబడి ప్రమాణంగా చెల్లింది. 1440లో వల్లా దానిని శబ్దపరీక్షకు నిలిపాడు. నాలుగవ శతాబ్దపు లాటిన్‌లో పొసగని ప్రయోగాలను ఎత్తిచూపాడు. పారసీక ప్రాంతాధిపతులకు చెల్లే 'సత్రపులు' అన్న పేరు రోమక శాసనంలోకి ఎట్లా వచ్చిందని నిలదీశాడు. కూటపత్రమని తేలడంలో వ్యాకరణానిదే పెద్ద పాత్ర. అంతమాత్రాన వల్లా నాస్తికుడు కాలేదు. 1448లో పోపు కొలువులోనే లేఖకుడిగా చేరాడు.

'ఇజం' అన్న ప్రత్యయం చేరింది చాలా కాలం తరువాత. పాఠశాలలలో ప్రాచీన భాషలకన్న లౌకికోపయోగ విద్యలే మేలన్న వారిని ప్రతిఘటిస్తూ, 1808లో బవేరియాలో నీత్‌హామర్ 'హ్యుమానిస్మస్' అన్న పదాన్ని ప్రయోగించాడు. వేదాధ్యయనం వల్ల ప్రయోజనమేమిటన్న ప్రశ్నను ఎదుర్కొన్నవారికి ఆ వివాదం కొత్తగా తోచదు.

ఇరవయ్యవ శతాబ్దంలో చిక్కు ముదిరింది. 1933 నాటి అమెరికా మానవవాద ప్రణాళిక విశ్వం సృష్టింపబడలేదని చెబుతూనే, తనది ధార్మిక మానవవాదమని ప్రకటించుకొంది. 1936లో క్రైస్తవ దార్శనికుడు జాక్ మారితేన్ ఈశ్వరకేంద్రకమైన సమగ్ర మానవవాదాన్ని ప్రతిపాదించాడు. పౌరోహిత్య వంశంలో జన్మించిన ఎం.ఎన్. రాయ్ 1947లో భౌతికవాద పునాదిపై నవ్యమానవవాదాన్ని ప్రకటించాడు. ఇక 'మానవ' శబ్దమో, మనువు సంతానమన్న అర్థాన్ని మోస్తూనే ఉంది!

నిరీశ్వర మానవవాదం అర్వాచీనం గనుక అసత్యమనడం న్యాయం కాదు. ఉపనిషత్తులన్నీ మానవవాదమేనని తొందరపడి చాటడమూ అంతే. ఏ మానవవాదమో చెప్పని సమన్వయం నిలువదు.

తెలుగునాట ఈ చిక్కు త్రిపురనేని గోపీచంద్ జీవితంలో ప్రత్యక్షమవుతుంది. హేతువాది కవిరాజు రామస్వామి చౌదరి కుమారుడాయన. రాయ్ నాయకత్వంలోని రాడికల్ డెమోక్రటిక్ పార్టీకి ఆంధ్రలో కార్యదర్శి. అనంతరకాలంలో శ్రీ అరవిందుల దర్శనం వైపు మొగ్గారు. ఆయన మానవవాదాన్ని విడిచారనాలా, ఒక మానవవాదం నుండి మరొకదానికి నడిచారనాలా? రాయ్ నిర్వచనాన్ని గైకొంటే మొదటిది. మారితేన్ మార్గంలో ఆలోచిస్తే రెండవది.