సైకిలు బిళ్ళ నుండి జాతీయ విధానం దాకా: ఒక అమలు చరిత్ర

భారత ప్రభుత్వం 2006లో జాతీయ పట్టణ రవాణా విధానాన్ని వెలువరించింది. నగర రహదారి వాహనాల కోసం కాదు, మనుషుల కోసం అన్నది దాని మూలసూత్రం. బస్సుకు, పాదచారికి, సైకిలు తొక్కేవారికి వీధిలో న్యాయమైన వాటా దక్కాలని ఆ పత్రం కోరింది. ఈ మార్పు ఎంత పెద్దదో తెలియాలంటే అంతకు ముందటి స్థితిని చూడాలి.

మద్రాసు జిల్లా మునిసిపాలిటీల చట్టం (1920) కింద పురపాలక సంఘాలు బండ్లతో పాటు సైకిళ్ళ మీద కూడా పన్ను వేసేవి. పన్ను కట్టినందుకు గుర్తుగా ఇచ్చే బిళ్ళ, దీపం లేకుండా తొక్కితే పడే జరిమానా తెలుగు పట్టణాల పాతతరం జ్ఞాపకాల్లో నేటికీ ఉన్నాయి. పాలకులకు సైకిలు తెలియక కాదు. పన్నుకు, శిక్షకు తగినదిగా అది వారికి బాగా తెలుసు. చోటు ఇవ్వవలసినదిగా మాత్రం తెలియదు.

2006 నాటి పత్రం ఆ చోటును అంగీకరించింది గాని, దానికి చట్టబలం లేదు. రాజ్యాంగం ప్రకారం జాతీయ రహదారులు మినహా రోడ్లు రాష్ట్ర జాబితాలోని అంశం. 74వ సవరణ వాటిని స్థానిక సంస్థలకు అప్పగించదగిన విధుల్లో చేర్చింది. కేంద్రం చేతిలో మిగిలిన సాధనం నిధులే. జవహర్‌లాల్ నెహ్రూ జాతీయ పట్టణ నవీకరణ పథకం ఆ నిధులకు మార్గమైంది.

అమలులోని అసలు సంఘర్షణ ఢిల్లీలో బయటపడింది. అంబేద్కర్ నగర్ నుండి మూల్‌చంద్ దాకా ఆరు కిలోమీటర్లకు కాస్త తక్కువ దూరం బస్సులకు నడి వీధిలో ప్రత్యేక వరుసను, అంచున సైకిలు బాటను ఏర్పరచి 2008లో ప్రారంభించారు. సైకిలు బాటలోకి మోటారు సైకిళ్ళు చొరబడ్డాయి. కార్లు సిగ్నళ్ళ వద్ద నిలిచిపోవడం పెద్ద వివాదమై న్యాయస్థానానికి చేరింది. ఢిల్లీ హైకోర్టు 2012లో ఆ వ్యాజ్యాన్ని కొట్టివేసింది. న్యాయస్థానంలో నిలిచిన ఆ దారి రాజకీయంగా నిలవలేదు; 2016లో దాన్ని తొలగించారు. 2011 జనగణన ప్రకారం దేశంలో సైకిలు ఉన్న కుటుంబాలు 44.8 శాతం, కారు ఉన్నవి 4.7 శాతం. ఆ వివాదంలో వినిపించిన గొంతులకూ ఈ సంఖ్యలకూ పొంతన లేదు. రెండో వర్గానికి వార్తాపత్రికలున్నాయి, వకీళ్ళున్నారు. తెల్లవారుజామున పనికి బయలుదేరే కూలీకి అర్జీ రాసే తీరిక కూడా లేదు.

2020లో కేంద్రం పోటీ పద్ధతిని చేపట్టింది. స్మార్ట్ సిటీల మిషన్ కింద నగరాలు రంగుగీతలతో, తాత్కాలిక అడ్డుకట్టలతో సైకిలు బాటలను ప్రయోగించి చూడాలి. 2021లో బహుమతి పొందిన 11 నగరాల్లో వరంగల్ ఒకటి. ఖర్చు తక్కువ, తప్పు దిద్దుకోవడం తేలిక కావడం ఈ పద్ధతిలోని మేలు. చెరిగిన రంగును మళ్ళీ వేయించే బాధ్యత ఎవరిదన్నది పోటీ ముగిశాకే తేలే విషయం.

హైదరాబాదు మరో దారి పట్టింది. 2023 అక్టోబరులో బాహ్య వలయ రహదారి పక్కన సౌరఫలకాల పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిలు బాట ప్రారంభమైంది. నీడ ఉంది, రాత్రి దీపాలున్నాయి, మోటారు వాహనాల బెడద లేదు. నిర్మాణంగా అది మెచ్చదగినదే. అయితే అది నగరం అంచున, వ్యాయామానికి వచ్చేవారికి అనువైన చోట ఉంది. పాతబస్తీ నుండి పనికి సైకిలు మీద వెళ్ళేవారి దారి అటు కాదు.