కనబడుట లేదు

బస్‌స్టాండు గోడల మీద, దినపత్రికల లోపలి పుటల్లో మనం తరచు చూసే శీర్షిక ఇది. దాని కింద ఒక మసక ఫోటో, పేరు, వయస్సు, ఎత్తు, శరీరఛాయ, ఇల్లు వదలినప్పుడు ధరించిన దుస్తులు. ఆచూకీ తెలిపినవారికి తగిన పారితోషికం. ఆ ప్రకటన భాషలో ఒక విశేషమున్నది. "తప్పిపోయాడు", "కనబడుట లేదు" అన్న వాక్యాలకు కర్త ఆ పోయినవాడే. దారి తప్పినది అతడే, కనిపించకుండా ఉన్నది అతడే. ఎవరో తీసుకుపోయారన్న సంగతికి ఆ వాక్యంలో చోటు లేదు.

మనిషిని రాజ్యమే ఎత్తుకుపోయినప్పుడు ఆ ఇంటివారి మొదటి పోరాటం ఈ వ్యాకరణంతోనే. "మావాడు తప్పిపోలేదు, మీరు తీసుకుపోయారు" అని రుజువు చేయడానికే ఏళ్ళు పడుతుంది. బ్రతికున్నాడా, చనిపోయాడా, ఎవరు చంపారు అన్న ప్రశ్నలు ఆ తరువాతి సంగతి. కేరళలో ఒక హిందీ ఆచార్యుడు తన కొడుకు కోసం జరిపిన వెదకులాటను గురించి ఎప్పటినుండో వ్రాయాలనుకుంటున్నాను. వివరాలు చాలామంది చదువరులకు తెలిసినవే కావచ్చు. ఆ కథలో ఒక రిజిస్టరు ఉత్తరం పోషించిన పాత్ర మాత్రం నాకు మరింత ముఖ్యమనిపిస్తుంది. ఈ టపా ప్రధానంగా దాని గురించే.

కోళిక్కోడు పట్టణానికి 20 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో చాత్తమంగళం అనే గ్రామమున్నది. ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాల అక్కడే వెలిసింది. 1976లో పి. రాజన్ ఆ కళాశాలలో చివరి సంవత్సరం విద్యార్థి. పాటగాడు. ఫిబ్రవరి 28న ఆ జిల్లాలోనే కాయణ్ణ అనే ఊరి పోలీసు స్టేషను మీద నక్సలైట్లు దాడి చేశారు. దేశంలో అత్యవసర పరిస్థితి ప్రకటించి అప్పటికి ఎనిమిది నెలలు. దాడి చేసినవారి కోసం పోలీసులు పల్లెలన్నీ గాలించారు. ఆ సమయంలో రాజన్ ఫారూక్ కళాశాలలో జరుగుతున్న విశ్వవిద్యాలయ కళోత్సవానికి తోటి విద్యార్థులతో వెళ్ళి ఉన్నాడు. మార్చి 1 తెల్లవారుజామున బస్సులో తిరిగి వచ్చి హాస్టలు దగ్గర దిగగానే పోలీసులు అతణ్ణి పట్టుకున్నారు. మరొక విద్యార్థిని కూడా తీసుకుపోయారు.

తీసుకుపోయిన చోటు కక్కయం. కుట్ట్యాడి జలవిద్యుత్ పథకానికి చెందిన జలాశయం ఉన్న కొండ ప్రాంతమది. చుట్టూ అడవి. అక్కడ పోలీసులు విచారణ శిబిరం నెలకొల్పారు. పట్టి తెచ్చినవారిని బల్ల మీద పడుకోబెట్టి, తొడల మీద బరువైన కర్రదుంగను అదిమి దొర్లించడం ఆ శిబిరపు పద్ధతి. మలయాళంలో దానికి "ఉరుట్టల్" అని పేరు. ఈ ఒక్క మాట ఆనాటి కేరళ జ్ఞాపకాల్లో ఇప్పటికీ మానని పుండు.

కళాశాల ప్రిన్సిపాలు కె. ఎం. బహావుద్దీన్. పోలీసులు తన విద్యార్థులను తీసుకుపోయారని తెలిసిన రోజే ఆయన రాజన్ తండ్రికి రిజిస్టరు తపాలాలో ఉత్తరం పంపారు. మీ అబ్బాయిని పోలీసులు తీసుకుపోయారన్నది దాని సారాంశం. ఇది ఎంత మామూలు పని! హాస్టలు విద్యార్థికి ఏదైనా జరిగితే తండ్రికి తెలియజేయడం ఏ ప్రిన్సిపాలుకైనా విధి. కాని అవి మాట బయటకు రాని రోజులు. పత్రికల మీద సెన్సారు ఉన్నది. పోలీసుల చర్యను గురించి ఒక ప్రభుత్వ కళాశాల అధిపతి తన సంతకంతో, తేదీతో, రసీదుతో కాగితం పుట్టించడం చిన్న సంగతి కాదు. ఫోనులో చెప్పి ఊరుకొని ఉంటే అది గాలిలో కలిసిపోయేది. ఉత్తరం గనుక నిలిచింది.

ఆ ఉత్తరం అందుకున్న తండ్రి టి. వి. ఈచర వారియర్. ఆయన కక్కయం శిబిరం దాకా వెళ్ళారు. కొడుకును చూడనివ్వలేదు. అక్కడినుండి మొదలైంది అర్జీల పర్వం. హోం మంత్రి కె. కరుణాకరన్‌ను స్వయంగా కలిశారు. ముఖ్యమంత్రి సి. అచ్యుత మేనన్‌ను కలిశారు. రాష్ట్ర హోం కార్యదర్శికి వ్రాశారు, జవాబు రాకపోతే జ్ఞాపికలు పంపారు. కేంద్ర హోం మంత్రికి, రాష్ట్రపతికి, పార్లమెంటు సభ్యులకు వ్రాశారు. వీటిలో ఏదీ కొడుకును తెచ్చిపెట్టలేదు. కాని ప్రతి అర్జీకీ నకలు ఉన్నది, ప్రతి నకలుకూ తేదీ ఉన్నది. తరువాత న్యాయస్థానంలో ప్రభుత్వం "మాకేమీ తెలియదు" అన్నప్పుడు ఆ నకళ్ళే సాక్ష్యం చెప్పాయి.

వెంటనే కోర్టుకు ఎందుకు వెళ్ళలేదు అని నేటి చదువరికి తోచవచ్చు. 1975 జూన్ 27 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుతో 14, 21, 22 అధికరణాల కింద హక్కుల కోసం న్యాయస్థానాన్ని ఆశ్రయించే వీలు నిలిచిపోయింది. అయినప్పటికీ కొన్ని హైకోర్టులు నిర్బంధితుల అర్జీలను విచారిస్తూ వచ్చాయి. 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు జబల్పూరు కేసులో తీర్పు చెప్పి ఆ తలుపు కూడా మూసింది. ఐదుగురు న్యాయమూర్తులలో నలుగురు ప్రభుత్వ పక్షాన నిలిచారు. భిన్నాభిప్రాయం వ్రాసినవారు ఎచ్. ఆర్. ఖన్నా ఒక్కరే. ఆ తీర్పు తప్పని సుప్రీంకోర్టు తన నోటితో తానే చెప్పడానికి 2017 దాకా పట్టింది. వారియర్ గారి విషయానికి వస్తే, కొడుకు పోయిన రెండు నెలలకే ఆయనకు చట్టంలో దారి లేకుండా పోయింది. కాగితాలు కూడబెట్టుకుంటూ ఎదురుచూడటం తప్ప చేయగలిగింది లేదు.

1977 మార్చి 21న అత్యవసర పరిస్థితి ఎత్తివేశారు. అప్పుడు జరిగిన ఎన్నికలలో కేంద్రంలో కాంగ్రెసు అధికారం కోల్పోగా కేరళలో మాత్రం ఆ పార్టీ ఉన్న కూటమి 140 శాసనసభ స్థానాలలో 111 గెలుచుకున్నది. మార్చి 25న కరుణాకరన్ ముఖ్యమంత్రి అయినారు. వారియర్ గారు ఆ రోజే కేరళ హైకోర్టులో హెబియస్ కార్పస్ అర్జీ వేశారు. ఒకవైపు 111 మంది శాసనసభ్యుల బలం, మరొకవైపు ఒక విశ్రాంత హిందీ ఆచార్యుని కాగితాల సంచి.

అర్జీని విచారించినది న్యాయమూర్తులు పి. సుబ్రహ్మణ్యన్ పోట్టి, ఖాలిద్. వారియర్ గారి తరఫున ఎస్. ఈశ్వర అయ్యర్ వాదించారు. హోం కార్యదర్శి మొదలు పోలీసు అధికారుల దాకా, ముఖ్యమంత్రితో సహా, ప్రతివాదులు వేసిన అఫిడవిట్ల సారం ఒక్కటే: రాజన్‌ను ఎవరూ అరెస్టు చేయలేదు. మామూలుగా అర్జీ అక్కడితో ముగిసిపోవాలి. లేని మనిషిని హాజరుపరచమని ఎవరిని ఆదేశిస్తారు? న్యాయమూర్తులు అలా వదిలివేయలేదు. సాక్షులను పిలిపించారు. ప్రిన్సిపాలు వచ్చి తాను వ్రాసిన ఉత్తరాన్ని గురించి చెప్పారు. హాస్టలులో ఆ తెల్లవారుజామున చూసినవారు చెప్పారు. కక్కయంలో తామూ నిర్బంధంలో ఉండి రాజన్‌ను చూసినవారు చెప్పారు. ప్రభుత్వం చెప్పేది నమ్మదగినది కాదని, రాజన్‌ను పోలీసులు తీసుకుపోయిన మాట నిజమని న్యాయస్థానం నిర్ణయించింది. ఏప్రిల్ 13న తీర్పు చెబుతూ, 21వ తేదీన అతణ్ణి కోర్టు ఎదుట హాజరుపరచమని ఆదేశించింది.

"హెబియస్ కార్పస్" అన్న లాటిను మాటకు "దేహాన్ని తెచ్చి చూపు" అని అర్థం. దేహం రాలేదు. ఏప్రిల్ 25న కరుణాకరన్ రాజీనామా చేశారు. పదవిలో ఉన్నది సరిగ్గా ఒక నెల. 111 స్థానాల బలాన్ని కదిలించినది ఏ ఊరేగింపో కాదు, ఒక రిజిస్టరు ఉత్తరంతో మొదలైన సాక్ష్యాల వరుస. ఆ తరువాత ప్రభుత్వమే ఒప్పుకున్నది: రాజన్ 1976 మార్చి 2న కక్కయం శిబిరంలో పోలీసుల హింస వల్ల మరణించాడు. అంటే పట్టుకుపోయిన మరునాడే. తండ్రి మంత్రుల గుమ్మాలకు తిరిగిన ఆ పదమూడు నెలలూ వెదకినది అప్పటికే లేని కొడుకు కోసం. ఆయనకు ఆ మాట చెప్పగలిగినవారు ఉండి కూడా చెప్పలేదు.

ఇక్కడితో కథ ముగిస్తే న్యాయం గెలిచిందని సంతోషించవచ్చు. కాని చరిత్రలో మిగతా సగం కూడా చెప్పుకోవాలి. శవం ఎన్నడూ దొరకలేదు. పంచదార వేసి కాల్చారని ఒక కథనం, జలాశయంలో పడవేశారని మరొక కథనం. క్రిమినలు కేసు విచారణ తమిళనాడులోని కోయంబత్తూరుకు మారింది. శవం లేని చోట హత్యానేరం నిలవలేదు. కొందరు అధికారులకు పడిన కొద్దిపాటి శిక్ష కూడా అప్పీలులో నిలవలేదు. ఆ శిబిరాన్ని నడిపిన జయరాం పడిక్కల్ తరువాతి కాలంలో రాష్ట్ర పోలీసు అధిపతి అయినారు. తప్పుడు అఫిడవిట్ వేశారన్న ఆరోపణ సుప్రీంకోర్టు దాకా వెళ్ళినా, చివరకు కరుణాకరన్ దానినుండి బయటపడి మరల ముఖ్యమంత్రి అయినారు. కోర్టు వారియర్ గారికి ఇవ్వగలిగినది ఒక్క వాక్యం: "అవును, తీసుకుపోయారు." తరువాత ప్రభుత్వం మరొకటి చేర్చింది: "చనిపోయాడు." ఎక్కడ, ఎలా, ఏ మట్టిలో కలిశాడు అన్నవాటికి జవాబు రాలేదు.

ఇంట్లో ఆ రెండు వాక్యాలు కూడా చెప్పుకోలేని స్థితి. రాజన్ తల్లికి నిజం చెప్పే ధైర్యం తండ్రికి చాలాకాలం కలగలేదు. ఆమె మనస్సు చెదిరిపోయింది. కొడుకు ఎప్పుడు వస్తాడని అడుగుతూనే 2000లో ఆమె కన్నుమూశారు. అయినవాళ్ళు పోతే మనం పదోనాడో పన్నెండోనాడో కర్మ ముగించి తిరిగి పనుల్లో పడతాము. శవం లేని ఇంట్లో ఆ పదోనాడు రాదు. ఏడేళ్ళపాటు జాడ తెలియనివాణ్ణి, బ్రతికున్నాడని రుజువు చేయకపోతే, చనిపోయినట్లు భావించవచ్చునని సాక్ష్య చట్టం అంటుంది. పాత చట్టంలో అది 108వ సెక్షను, 2024 జూలై నుండి అమలైన కొత్త చట్టంలో 111వది. అది ఆస్తి కాగితాలకు పనికి వస్తుంది, తల్లికి కాదు.

మన వైపు కూడా ఆ రోజులు వేరుగా లేవు. 1975 జూలైలో మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో నలుగురు యువకులు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. వారిలో సూరపనేని జనార్దన్ వరంగల్ ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాల విద్యార్థి. అదే కోవకు చెందిన కళాశాల, అదే వయస్సు. అది ఎదురుకాల్పులు కాదని, పట్టుకొని చంపారని 1977లో వి. ఎం. తార్కుండే కమిటీ నివేదించింది. పోలుస్తే తేడా ఒక్కటే. ఎదురుకాల్పుల కథలో "చంపాము, తప్పలేదు" అంటుంది రాజ్యం. మాయం చేసినప్పుడు "అసలు చూడనే లేదు" అంటుంది. మొదటిదానిలో అబద్ధాన్ని ఖండించవచ్చు. రెండవదానిలో ఖండించడానికి కూడా ఏమీ మిగల్చరు. బలవంతపు అదృశ్యాలను గురించిన అంతర్జాతీయ ఒడంబడికపై భారతదేశం 2007లో సంతకం చేసింది. ధ్రువీకరణ మాత్రం చేయలేదు.

షాజీ ఎన్. కరుణ్ తీసిన "పిరవి" సినిమాకు ఈ కథే ప్రేరణ అంటారు. కొడుకు వచ్చే బస్సు కోసం రోజూ రేవు దాటి వెళ్ళే ముసలి తండ్రిగా ప్రేమ్‌జీ నటన చూసినవారు మరువలేరు. వారియర్ గారు తన జ్ఞాపకాలను తానే మలయాళంలో వ్రాసుకున్నారు. దానికి కేరళ సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. నీలన్ చేసిన ఇంగ్లీషు అనువాదం కూడా ఉన్నది. చిన్న పుస్తకమే, ఒక్క పూటలో చదవవచ్చు. ఆ పూట ఖాళీగా ఉన్నప్పుడే మొదలుపెట్టండి, తరువాత వేరే పని చేయబుద్ధి కాదు.

ఆయన 2006 ఏప్రిల్ 13న మరణించారు. కొడుకును హాజరుపరచమని హైకోర్టు ఆదేశించిన తేదీ కూడా అదే. ఆ ఆదేశం వెలువడి అప్పటికి 29 ఏళ్ళు. అది ఈనాటికీ అమలు కాలేదు.