సొంతూరిలో యూనిట్ పెడితే 35 శాతం సబ్సిడీ.. కానీ ఆ డబ్బు మీ చేతికి రాదు!

సిటీలో ఉద్యోగం చేస్తూనే ఊళ్లో నూనె గానుగో, పిండిమరో, పేపర్ ప్లేట్ల యూనిట్టో పెట్టించాలనుకుంటున్నారా? అయితే పీఎంఈజీపీ, అంటే ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం గురించి వినే ఉంటారు. 'ప్రభుత్వం 35 శాతం ఫ్రీగా ఇస్తుందట' అని వాట్సాప్‌లో తిరిగేది దీని గురించే. అందులో సగమే నిజం.

2008లో మొదలైన ఈ పథకాన్ని కేంద్ర ఎంఎస్‌ఎంఈ శాఖ తరఫున ఖాదీ, గ్రామీణ పరిశ్రమల కమిషన్ (కేవీఐసీ) నడిపిస్తోంది. 2022లో సవరించిన నిబంధనల ప్రకారం తయారీ యూనిట్‌కైతే రూ.50 లక్షలు, సేవల యూనిట్‌కైతే రూ.20 లక్షల వరకు ప్రాజెక్టు వ్యయం ఉండొచ్చు. భూమి ధరను ఇందులో కలపరు.

ఎవరికి ఎంత?

పంచాయతీ పరిధిలో పెడితే జనరల్ కేటగిరీ వారికి 25 శాతం, మున్సిపాలిటీలో అయితే 15 శాతం సబ్సిడీ. మహిళలు, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, మైనారిటీలు, దివ్యాంగులు, మాజీ సైనికులు, ట్రాన్స్‌జెండర్లకు పల్లెలో 35, పట్టణంలో 25 శాతం. అంటే ఊరు మారితేనే పది శాతం తేడా. మీ స్థలం పంచాయతీలోనే ఉందా, ఈమధ్య మున్సిపాలిటీలో కలిసిందా అన్నది ముందే చూసుకోండి. శివారు గ్రామాల వాళ్లు దెబ్బతినేది ఇక్కడే.

ఒక లెక్క చూద్దాం. పల్లెలో ఒక మహిళ రూ.10 లక్షలతో యూనిట్ పెడుతున్నారనుకోండి. ఆమె పెట్టాల్సింది 5 శాతం, అంటే రూ.50 వేలు. జనరల్ కేటగిరీ పురుషుడైతే 10 శాతం పెట్టాలి. మిగతా రూ.9.5 లక్షలు బ్యాంకు లోన్. సబ్సిడీ రూ.3.5 లక్షలు వచ్చాక బ్యాంకు దాన్ని మూడేళ్లపాటు ఆమె పేరిట విడిగా డిపాజిట్‌లో ఉంచుతుంది. దానిపై వడ్డీ రాదు, లోన్‌లో అంత మొత్తంపై వడ్డీ పడదు. మూడేళ్లు నిండాక తనిఖీకి వస్తారు. యూనిట్ నడుస్తోందని తేలితేనే ఆ సొమ్ము లోన్‌లో జమవుతుంది. కాబట్టి సబ్సిడీని చూసుకుని ఈఎంఐ లెక్క వేసుకోవద్దు. మొదటి మూడేళ్ల కిస్తీలు అమ్మకాల నుంచే కట్టాలి.

18 ఏళ్లు నిండితే చాలు, ఆదాయ పరిమితి లేదు. తయారీలో రూ.10 లక్షలు, సేవల్లో రూ.5 లక్షలు దాటితే మాత్రం ఎనిమిదో తరగతి పాసై ఉండాలి. భార్యాభర్తల్లో ఒక్కరికే ఇస్తారు. ఇప్పటికే నడుస్తున్న యూనిట్‌కూ, మరో ప్రభుత్వ సబ్సిడీ తీసుకున్న యూనిట్‌కూ వర్తించదు. మద్యం, బీడీ, సిగరెట్ల జోలికి వెళ్లకూడదు. 35 శాతం కోసం భార్య పేరుతో అప్లై చేసేవాళ్లు చాలామందే ఉంటారు. కానీ లోన్ ఆమె పేరిటే ఉంటుంది, సిబిల్ స్కోరూ ఆమెదే పోతుంది. ఆమెకు నడపాలని ఉందో లేదో ముందు అడగండి.

అసలు చిక్కు బ్యాంకులోనే

దరఖాస్తు కేవీఐసీ పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనే, ఉచితం. కేవీఐసీ, రాష్ట్ర ఖాదీ బోర్డు, జిల్లా పరిశ్రమల కేంద్రం.. వీటిలో ఒకదాన్ని ఎంచుకోవాలి. ఆధార్, ప్రాజెక్టు రిపోర్టు, కుల ధ్రువపత్రం, గ్రామీణ ప్రాంత ధ్రువపత్రం అప్‌లోడ్ చేయాలి. ఆ ఆఫీసు మీ ఫైలును బ్యాంకుకు పంపిందంటే లోన్ వచ్చినట్టు కాదు. ఇవ్వాలా వద్దా అన్నది బ్యాంకు ఇష్టం. అందుకే ఫారంలో బ్రాంచి పేరు రాసేముందు ఓసారి ఆ మేనేజర్‌ను కలవండి. సరుకు ఎవరు కొంటారో చెప్పలేని ప్రాజెక్టు రిపోర్టు అక్కడ నిలబడదు. రూ.10 లక్షల వరకు లోన్‌కు తాకట్టు అడగకూడదన్నది ఆర్బీఐ నిబంధన. అడిగితే ఆ మాట గుర్తుచేయండి.

'శాంక్షన్ చేయిస్తాం, పది శాతం కమీషన్' అనే ఏజెంట్లను దగ్గరికి రానీయొద్దు. ఈ పథకానికి మధ్యవర్తులు లేరు. పథకానికి కేంద్రం ఆమోదం 2021-22 నుంచి 2025-26 వరకు ఉంది కాబట్టి, మెషిన్‌కు అడ్వాన్స్ కట్టేముందు పోర్టల్‌లో కొత్త దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో చూసుకోండి.