సెప్టెంబరు బ్యాచ్

మంట దగ్గరికి జరుగు అబ్బాయ్. ఆ ఫోను జేబులో పడెయ్, దానికీ చలేస్తుంది. మీ అమ్మ అంతా చెప్పిందిలే. ఇంటర్ రెండో ఏడాదిలో ఉండి పుస్తకం తియ్యవట, కాలేజీలో వెనక బెంచీ నీదేనట. నేనేం తిట్టనులే. తిట్టాలంటే నాకా మొహం ఉండాలిగా!

1976లో తెనాలిలో నేనూ ఇంటర్ వెలగబెట్టాను. పీయూసీ పోయి రెండేళ్ల ఇంటర్ వచ్చి అప్పటికి కొన్నేళ్లే. కాలేజీకని బయల్దేరి మ్యాట్నీలో తేలేవాళ్లం. నేల టిక్కెట్టు 40 పైసలు, ఇంటర్వెల్లో గోలీ సోడా. ఆ గోలీ కోసం సీసా పగలగొట్టి తన్నులు తిన్నవాళ్లున్నారు... సరే, సోడా గొడవెందుకిప్పుడు. ఎప్పుడైనా క్లాసుకెళ్తే వెనకనుంచి పిల్లికూతలు. పక్కన బుద్ధిగా నోట్సు రాసుకునేవాణ్ణీ మాలో కలిపేసుకున్నాం. కూసే గాడిద వచ్చి మేసే గాడిదను చెడగొట్టడమంటే అదే. లెక్కల మేష్టారు కొట్టేవారు కాదు. సుద్దముక్క బల్లమీద పెట్టి, మేం ఆపేదాకా కిటికీలోంచి చూస్తూ నిలబడేవారు. ఆయన అలా నిలబడటం గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఫలితాలప్పుడు పేపరంతా నంబర్లే. నా ముందుదుంది, వెనకదుంది, నాది లేదు. అచ్చుతప్పన్నాను ఇంట్లో. ఆడలేక మద్దెల ఓడు! మా నాన్న నోరెత్తలేదు. మర్నాడు తెల్లారకుండానే లేపి, టైపు ఇన్‌స్టిట్యూట్‌లో చేర్పించాడు. నెలకు 10 రూపాయలు. 6 నుంచి 7 దాకా మిషను నాది, 7 కొడితే ఇంకొకరిది. పది నిమిషాలు ఆలస్యంగా వెళ్తే ఆ పదీ గంగలో కలిసినట్టే. కూర్చునే ముందు గుడ్డతో తుడవాలి, లేచేటప్పుడు కవరు కప్పాలి. మొదట్లో రోజుల తరబడి ఏ-ఎస్-డీ-ఎఫ్ తప్ప కొట్టనిచ్చేవారు కాదు, చిటికెనవేళ్లు లాగేసేవి. నిమిషానికి 30 మాటలైతే లోయరు, 45 అయితే హయ్యరు. దాంతో నాకు చదువుమీద ప్రేమ పుట్టిందనుకుంటున్నావా? ఏం పుట్టలేదు. పొద్దున్నే లేవడం అలవాటైంది, అంతే. 7 అయినా ఊళ్లో ఒక్క స్నేహితుడూ నిద్రలేచేవాడు కాదు. తోచక లెక్కల పుస్తకం తీశాను. సెప్టెంబరులో మళ్లీ పరీక్ష రాసి గట్టెక్కాను.

మా మ్యాట్నీ జట్టులో ఒకడు మళ్లీ రాయనే లేదు. ఐటీఐలో రెండేళ్లు ఫిట్టరు నేర్చి, రాయనపాడు రైల్వే వ్యాగన్ వర్క్‌షాపులో రిటైరయ్యాడు. పెన్షను నాకంటే ఎక్కువ, వెధవకి! ఇంకొకడు కిరాణాకొట్లో పద్దులు రాసేవాడు. 1982లో హైదరాబాదులో సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టారు చూడు, ఇప్పుడు అంబేద్కర్ పేరుమీద ఉంది, ఇంటర్ లేకపోయినా అర్హత పరీక్ష రాసి అందులో డిగ్రీ చేశాడు.

నువ్వేమో ఈఏపీసెట్ తప్పితే లోకమే లేదన్నట్టు దిగాలుపడి కూర్చున్నావు. పాలిటెక్నిక్ ఉంది. మూడేళ్లు డిప్లొమా చేసి ఈసెట్ రాస్తే నేరుగా ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో చేరచ్చు. ఐటీఐ ఎటూ ఉంది. మామూలు డిగ్రీలున్నాయి. అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లోనే శని.

ఏ దారి పడతావో నీ ఇష్టం, నేనడగను. రేపు మాత్రం 6 గంటలకు వచ్చి దుప్పటి లాగేస్తాను, ముందే చెబుతున్నా.