మూడో వరుసలో పెదనాన్న

అంబేద్కర్ పటం కాక మా ఇంట్లో ఫ్రేము కట్టిన ఫొటో ఇంకొకటే ఉండేది. జిల్లా పోలీసు పరేడ్ గ్రౌండ్‌లో కవాతు. మా పెదనాన్న ఏఆర్ కానిస్టేబుల్. ఇంటికి ఎవరొచ్చినా "మూడో వరుస, ఎడమ నుంచి ఐదోవాణ్ణి నేనే" అని చూపించేవాడు. అక్కడ కనపడేది ఒక టోపీ, సగం చెవి. ఓపెన్ టాప్ జీపులో నిలబడి వందనం తీసుకుంటున్న అతిథి మాత్రం చొక్కా గుండీలతో సహా కనపడతాడు. ఫొటోగ్రాఫర్‌ని నిలబెట్టేది వేదిక పక్కన. అక్కణ్ణుంచి చూస్తే అతిథి మనిషి, కానిస్టేబుళ్లు గీతలు.

ఈ గీతలకు పేర్లొచ్చే రోజు ఏడాదిలో ఒకటుంది, అక్టోబర్ 21. 1959లో అదే రోజున లడఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ దగ్గర చైనా సైన్యం కాల్పుల్లో పదిమంది పోలీసులు చనిపోయారు. ఆ మరుసటి ఏడాది జరిగిన పోలీసు ఉన్నతాధికారుల సమావేశంలో దీన్ని సంస్మరణ దినంగా పాటించాలని నిర్ణయించారు. తుపాకులు తలకిందులు చేసి నిలబడతారు, బ్యూగిల్ ఊదుతారు, ఆ ఏడాది విధుల్లో చనిపోయినవాళ్ల పేర్లు ఒక్కొక్కటే చదువుతారు. హైదరాబాదులో అయితే గోషామహల్ స్టేడియంలో. అందులో మనవాళ్ల పేర్లూ ఉంటాయి, నేను చెవి ఒగ్గి వింటాను. మరుసటి రోజు పేపర్లలో మాత్రం పూలగుత్తి పెడుతున్న మంత్రి ఫొటోనే.

పోలీసులు కెమెరా ముందు జరిపే తతంగం ఇంకొకటుంది. దాన్ని వేడుక అనరు, ప్రెస్‌మీట్ అంటారు. బల్ల మీద స్వాధీనం చేసుకున్న సొత్తు, వెనక అధికారులు, వాళ్ల వెనక ముసుగులేసిన మనుషులు. నేరం ఇంకా రుజువు కాలేదు, ఫొటో మాత్రం అచ్చయిపోతుంది. దీని మూలం బ్రిటిషు కాలంలో ఉంది. 1871 నేరస్థ జాతుల చట్టం పుట్టుకనే నేరంగా రాసింది. 1911 తర్వాత అది మద్రాసు ప్రెసిడెన్సీలోనూ అమలై, ఎరుకల కుటుంబాల్ని స్టూవర్టుపురం లాంటి సెటిల్మెంట్లలో పెట్టింది. 1920 చట్టం ఖైదీల కొలతలు, ఫొటోలు తీసే అధికారమిచ్చింది. 2022లో దాని స్థానంలో వచ్చిన చట్టం కనుపాప దాకా పోయింది. అరెస్టయినవాళ్లను మీడియా ముందు ఊరేగించొద్దని కేంద్ర హోంశాఖ 2010లోనే రాష్ట్రాలకు చెప్పింది. మీడియాకు ఏం చెప్పాలో, ఎలా చెప్పాలో మార్గదర్శకాలు తయారుచేయమని 2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించాల్సి వచ్చింది. ముసుగు వేశాం కదా అంటారు. చెప్పుల్ని బట్టి, నిలబడే తీరుని బట్టి కొడుకుని గుర్తుపట్టని తల్లి ఉంటుందా?

ఇక మన సంస్మరణ దినం. 1991 ఆగస్టు 6న చుండూరులో పోలీసులు ఊళ్లో ఉండగానే ఎనిమిదిమంది దళితుల్ని తరిమి చంపారు. శవాల్ని గోనెసంచుల్లో కట్టి కాలవలో పడేశారు. ఊరి నడుమ వాళ్లను పూడ్చిపెట్టిన చోటే రక్తక్షేత్రం. ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకుని 2007లో శిక్షలు సాధించుకుంటే, 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ వదిలేసింది. ఆ తీర్పు మీద రాయాలంటే ఇంకో భాగం కావాలి, రాస్తాను. ఏటా ఆ తేదీన అక్కడ మనమూ పేర్లు చదువుతాం. చదివేటప్పుడు మన ముఖాల మీద పోలీసుల వీడియో కెమెరా ఉంటుంది. నాకెప్పుడూ గొంతులో ఏదో అడ్డుపడేది అక్కడే. చనిపోయినవాళ్లను తలుచుకోవడానికి వచ్చినవాళ్లం, కేసు ఫైలుకి తగ్గట్టు నిలబడ్డామా అని మనల్ని మనమే చూసుకుంటాం.

ఒకసారి అలాంటి సభలో కెమెరా పట్టుకున్న కుర్ర కానిస్టేబుల్‌కి నేనూ ఫోన్ ఎత్తి ఫొటో తీశాను. ఫోన్ లాక్కుంటాడనుకున్నా. సభ అయ్యాక పక్కకొచ్చి నెమ్మదిగా అడిగాడు.

"సార్, ఇందాక తీశారు కదా, బాగా వచ్చిందా? నాకు వాట్సాప్ చేస్తారా? యూనిఫాంలో నాకంటూ ఒక్క ఫొటో లేదు. పరేడ్‌లో తీసినవాటిలో నేనెక్కడో కనపడను."

పంపించాను. ముఖం మొత్తం వచ్చింది, రెండు చెవులతో సహా. ఆయన తీసిన మా వీడియో ఏ బీరువాలో ఉందో, ఎవరు చూస్తున్నారో మాకు ఎవరూ చెప్పలేదు.